కాకిబంగారంలో కేంద్రకం కథ!

నిమ్మకాయలకీ, అభ్రకానికీ పేరుపడ్డ ఊరు గూడూరు. ఆ రెండింటికీ అణుశాస్త్రంతో చుట్టరికం ఉందంటే నమ్ముతారా? పరమాణువు గుండెకాయ ఏ ఆకారంలో ఉంటుందో చెప్పే కథలో కొన్ని పేజీలు ఈ ఊరి రాళ్లలోనే ఉన్నాయి మరి!

చెన్నై రైలు గూడూరు జంక్షన్లో ఆగిందంటే ప్రయాణికుల్లో ఓ కదలిక. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. తిన్నగా పోతే నాయుడుపేట, సూళ్లూరుపేట, ఆపైన చెన్నై. కుడికి తిరిగితే వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట. తిరుపతి వెళ్లేవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఓసారి ‘గోవిందా’ అనుకునేదీ ఇక్కడే. తూర్పుకి కాస్త దూరం వెళితే కోట, వాకాడు... ఆ తర్వాత సముద్రం. పడమటికి వెళితే సైదాపురం, రాపూరు... ఆ వెనక వెలిగొండలు.

2022లో జిల్లాలు మార్చినప్పుడు గూడూరుని తిరుపతి జిల్లాలో కలిపారు. గీతలు ఎటు జరిగినా జనం నోట్లో మాత్రం అది ‘నెల్లూరు గూడూరే’.

ఊళ్లో నిమ్మ మార్కెట్టుకి వెళితే పసుపు, ఆకుపచ్చ కుప్పలు. గ్రేడింగు చేసేవాళ్ల చేతులు యంత్రాల్లా కదులుతుంటాయి. గుండ్రటివి ఓ పక్కకి, కాస్త సాగినవి ఇంకోపక్కకి, మచ్చ ఉన్నవి మరోపక్కకి. చూపుతోనే ఆకారం తేల్చేస్తారు. ఈ నిమ్మకాయని కాసేపు గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

మెరిసే దారి

గూడూరు నుంచి సైదాపురం వైపు వెళుతుంటే ఓచోట రోడ్డు పక్క మట్టి తళుక్కుమంటుంది. ఎండ ఏటవాలుగా పడే వేళయితే మరీను. ఎవరో అద్దం పగలగొట్టి చల్లినట్టుంటుంది. దగ్గరికెళ్లి చేతిలోకి తీసుకుంటే పల్చటి పొరలు. గోటితో గిల్లితే ఒక పొర... దాన్ని గిల్లితే ఇంకో పొర. పిల్లలకి అది కాకిబంగారం. పుస్తకాల భాషలో అభ్రకం. వ్యాపారుల నోట మైకా.

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి... ఈ పాత తాలూకాల మీదుగా దాదాపు వంద కిలోమీటర్ల పొడవున సాగిన అభ్రకం పట్టీ ఇది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. భూగర్భంలో కరిగిన రాతి ద్రవం తాపీగా చల్లారి, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం పెద్దపెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టాయి. బిహార్ వైపు దొరికేది కెంపురంగు అభ్రకమైతే మన నెల్లూరుది లేత ఆకుపచ్చ.

అభ్రకం గడ్డని వ్యాపారంలో ‘బుక్’ అంటారు. అంటే పుస్తకం! పేజీల్లా పొరలు విడిపోతాయి కాబట్టి ఆ పేరు. పొదలకూరు దగ్గరి ఇనుకుర్తి గనిలో పది అడుగుల వెడల్పున్న ‘పుస్తకాలు’ దొరికాయని వందేళ్ల కిందటి విజ్ఞాన సర్వస్వాల్లోనే రాశారు. భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున థామస్ హాలండ్ 1902లో మనదేశపు అభ్రకం మీద వెలువరించిన గ్రంథంలో నెల్లూరుది ముఖ్యమైన చోటు.

కరెంటుని సాగనివ్వదు, వేడికి చెక్కుచెదరదు, కాగితం కన్నా పల్చగా చీలుతుంది. ఇన్ని గుణాలు ఒకేచోట ఉన్న వస్తువు మరోటి లేకపోయింది ఆ రోజుల్లో. పాత ఇస్త్రీపెట్టెని విప్పి చూసినవాళ్లకి లోపల తీగ చుట్టిన అభ్రకం రేకు గుర్తుండే ఉంటుంది. రేడియో గొట్టాల్లో, విమానం ఇంజిన్లలో అన్నిటా అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్లు మన అభ్రకం కొనుక్కోడానికే ఇక్కడ ‘జాయింట్ మైకా మిషన్’ పేరిట ఓ యంత్రాంగాన్ని నడిపాయంటే దాని గిరాకీ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

గనిలో దిగి గడ్డ పైకి తెచ్చేది మగవాళ్లయితే, షెడ్లలో కూర్చుని పొరలు విడదీసి, అంచులు కత్తిరించి, సైజుల వారీగా వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్లది. వెలుతురుకి ఎదురుగా పట్టి, లోపల చుక్కా గీతా ఉన్నాయేమో చూసి పక్కన పెట్టేవారు. మచ్చలేని రేకుకే ధర. కానీ శాస్త్రవేత్తలకి కావాల్సింది మాత్రం... సరిగ్గా ఆ మచ్చలే!

అణువుకి కిటికీ

పరమాణువు మధ్యలో గట్టి కేంద్రకం ఒకటుందని లోకానికి తెలిసింది రూథర్‌ఫర్డ్ వల్ల. ఆయన శిష్యులు గీగర్, మార్స్‌డెన్ 1909లో మాంచెస్టర్‌లో బంగారు రేకు మీద ఆల్ఫా కణాలు వదిలితే కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. స్కూలు పుస్తకాల్లో అందరం చదువుకున్నదే. చదువుకోని సంగతి ఒకటుంది. ఆ ఆల్ఫా కణాలని పుట్టించే వాయువుని గాజు గొట్టంలో బంధించి, దాని మూతికి అంటించింది పల్చటి అభ్రకం రేకు. కాగితం అడ్డుపెడితే ఆల్ఫా కణం ఆగిపోతుంది. అభ్రకమైతే గాలి చొరనంత గట్టిగా ఉంటూనే, కణాన్ని బయటికి పోనిచ్చేంత పల్చగా చీలుతుంది. ఆ తర్వాత వచ్చిన గీగర్ కౌంటర్లలో చాలా రకాలకి ఇప్పటికీ అభ్రకమే కిటికీ.

కణాలకి దారివ్వడమే కాదు... వాటి జాడల్ని దాచుకోవడమూ అభ్రకానికి తెలుసు. కొన్ని నల్ల అభ్రకం ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెడితే చిన్న చిన్న గుండ్రటి మరకలు, ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా కనిపిస్తాయి. మధ్యలో యురేనియమో థోరియమో ఉన్న రేణువు ఉండి, కోట్ల ఏళ్లుగా వదిలిన ఆల్ఫా కణాలు ఎక్కడ ఆగాయో అక్కడ పడ్డ మచ్చలవి. ఐర్లండ్ శాస్త్రవేత్త జాన్ జోలీ 1907లో ఈ సంగతి కనిపెట్టాడు.

అంతకన్నా వింత ఇంకొకటి. యురేనియం కేంద్రకం ఎప్పుడో ఒకప్పుడు తనంతట తానే రెండుగా పగులుతుంది. ఆ రెండు ముక్కలూ ఎదురెదురు దిక్కుల్లో దూసుకుపోతూ అభ్రకంలో సన్నటి గాయం చేస్తాయి. పొడవు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన ఉంటుంది. 1959లో ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో సిల్క్, బార్న్స్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఇలాంటి గీతల్ని చూశారు. 1960ల మొదట్లో అమెరికాలో ప్రైస్, వాకర్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచితే ఆ గాయం వెడల్పయి మామూలు మైక్రోస్కోపుకే కనిపిస్తుందని చూపించారు. గీతల్ని లెక్కపెట్టి, రాయిలో యురేనియం ఎంతుందో కొలిస్తే రాయి వయసు కూడా తేలుతుంది. అభ్రకానికి ‘పుస్తకం’ అని పేరు పెట్టినవాళ్లకి అది నిజంగానే డైరీ రాసుకుంటుందని తెలియదు పాపం!

నిమ్మకాయా... గుమ్మడికాయా?

సరే, ఆ కేంద్రకం ఎందుకు పగిలింది? ఇక్కడే ఆకారం సంగతి వస్తుంది.

కేంద్రకం అంటే గుండ్రటి గోళీ అని చాలామంది ఊహ. బొమ్మల్లో అలాగే వేస్తారు మరి. 1938 క్రిస్మస్ సెలవుల్లో లీజ్ మైట్నర్, ఆమె మేనల్లుడు ఒట్టో ఫ్రిష్ స్వీడన్‌లో మంచులో నడుస్తూ మాట్లాడుకున్నారు. జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే సగం బరువున్న బేరియం వచ్చింది. ఎలా? వాళ్లకి తట్టిన జవాబు నీటి బొట్టు. బొట్టు సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగుతుంది. కేంద్రకమూ అంతే. గుండ్రం నుంచి సాగి, నడుము చిక్కి, విడిపోతుంది. అంటే అభ్రకంలో కనిపించే ఆ గీత... ఒక ఆకారం మారిన కథకి చివరి వాక్యం అన్నమాట.

ఆ తర్వాత 1950ల్లో జేమ్స్ రెయిన్‌వాటర్, ఆగే బోర్, బెన్ మాటెల్సన్ చేసిన పని వల్ల తేలింది ఇది: చాలా కేంద్రకాలు మామూలుగా ఉన్నప్పుడే గుండ్రంగా ఉండవు. కొన్ని నిమ్మకాయలా రెండువైపులా సాగి ఉంటాయి. కొన్ని గుమ్మడికాయలా నొక్కుకుని ఉంటాయి. ముగ్గురికీ 1975లో నోబెల్ వచ్చింది.

గూడూరు మార్కెట్లో నిమ్మకాయని చేతిలో పెట్టుకుని అది యురేనియం కేంద్రకం అనుకుందాం. అప్పుడు మొత్తం పరమాణువు దాదాపు కిలోమీటరు వెడల్పు ఉండాలి. ఊరంత పరమాణువులో నిమ్మకాయంత కేంద్రకం. దాని ఆకారం తేల్చాలి! గ్రేడింగు చేసేవాళ్లలా కంటితో చూసి చెప్పడం కుదరదు కదా.

శంకర గని రాయి

ఇక్కడ గూడూరు మళ్లీ కథలోకి వస్తుంది. పాత గూడూరు తాలూకాలోని శంకర గనిలో అభ్రకంతోపాటు నల్లటి, బరువైన రాయి ఒకటి దొరికింది. పేరు సమర్‌స్కైట్. యురేనియం, అరుదైన మృత్తికా లోహాలు కలిసిన ఖనిజం. రష్యా గనుల అధికారి సమర్‌స్కీ పేరు మీద ఆ పేరు పెట్టారు. ఈ రకం రాయినే శోధించి 1879లో ఫ్రెంచి రసాయనవేత్త లకాక్ ద బాబోద్రాన్ ఓ కొత్త మూలకం కనిపెట్టాడు. దానికి సమేరియం అని పేరు. రాయి పేరు ద్వారా అయినా ఒక నిజమైన మనిషి పేరు మూలకానికి దక్కడం అదే మొదలు.

కేంద్రకాల ఆకారం గురించి పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ మొదట ఎత్తుకునే పేర్లలో ఒకటి ఆ సమేరియమే! ప్రకృతిలో దొరికే సమేరియంలో ఏడు రకాలున్నాయి. అన్నిట్లో ప్రోటాన్లు 62. న్యూట్రాన్ల సంఖ్యే తేడా. సమేరియం-144 కేంద్రకం గుండ్రం. దాన్ని కాస్త కదిలించాలంటే 1660 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి. న్యూట్రాన్లు పెరిగేకొద్దీ ఆ బిగువు సడలుతుంది. సమేరియం-150 దగ్గర 334. ఇంకో రెండు న్యూట్రాన్లు చేరి 152 అయ్యేసరికి ఒక్కసారిగా 122కి పడిపోతుంది. 154 దగ్గర 82. అంటే కేంద్రకం గోళీలా ఉండటం మానేసి నిమ్మకాయలా సాగి, తేలిగ్గా తిరగడం మొదలుపెట్టింది. రెండే రెండు న్యూట్రాన్లతో రూపం మారిపోవడం... శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా తరచి చూస్తున్న విచిత్రం ఇది.

తిప్పి చూడు

ఆకారం తెలుసుకునే కిటుకు ఆ తిరగడంలోనే ఉంది. గుడ్డు ఉడికిందో లేదో తెలియాలంటే అమ్మ ఏం చేస్తుంది? నేల మీద గిర్రున తిప్పుతుంది. తిరిగే తీరు చూసి లోపలి సంగతి చెప్పేస్తుంది. కేంద్రకాన్నీ అంతే. తిప్పాలి.

ఎలా తిప్పడం? రెండు కేంద్రకాల్ని ఢీకొట్టి ఒకటిగా కలపాలి. సూటిగా కాకుండా కొంచెం పక్కగా తగిలితే కలిసిన ముద్ద బొంగరంలా తిరుగుతుంది. సెకనుకి ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టినన్ని చుట్లు! ఆ వేడికి కొన్ని న్యూట్రాన్లు ఆవిరైపోతాయి. మిగిలిన కేంద్రకం వేగం తగ్గించుకుంటూ ఒక్కో మెట్టుకీ ఒక్కో గామా కిరణాన్ని వదులుతుంది. ఆ మెట్ల మధ్య ఎడం ఎంతో కొలిస్తే తిరిగినది ఎంత సాగి ఉందో లెక్కకి దొరుకుతుంది. గుండ్రంగా ఉంటే ఈ మెట్లవరసే కనిపించదు.

1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీలో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ ట్విన్ బృందం కాల్షియం-48ని పల్లాడియం-108 మీదికి వదిలింది. రెండూ కలిశాయి, నాలుగు న్యూట్రాన్లు పోయాయి, డిస్ప్రోసియం-152 మిగిలింది. అది వదిలిన గామా కిరణాలు 19. వరసగా, 47 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎడంతో, నిచ్చెన మెట్లలా! వెడల్పుకి పొడవు రెట్టింపు ఉంటే తప్ప అలా రాదు. నిమ్మకాయ కాదు... దొండకాయ అన్నమాట! అంత వేగంగా తిరుగుతూ కూడా కేంద్రకం అంతగా సాగి, తెగకుండా నిలబడగలదని అలా కళ్లారా తెలిసింది.

లివర్‌పూల్ అంటే మన తెలుగువాళ్లకి ఇంకో జ్ఞాపకం. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు హిమాలయాల్లో తపస్సు చేసి స్వామి జ్ఞానానంద అయ్యాడు. జర్మనీ వెళ్లి ఉపన్యాసాలిస్తూ భౌతికశాస్త్రం మీద మనసు పారేసుకున్నాడు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి, ఆపైన లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశాడు. యుద్ధకాలంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. తిరిగొచ్చాక 1950ల్లో విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. అక్కడి పరిశోధనశాలలకి ఇప్పుడు ఆయన పేరే. కాషాయం కట్టిన ఆ ప్రొఫెసర్ నాటిన విత్తనం వల్ల ఎందరో తెలుగు పిల్లలు గామా కిరణాల్ని కొలవడమే చదువుగా చేసుకున్నారు.

నలభై సెకన్ల అతిథి

ఇంతకీ ఏ రెండు కేంద్రకాల్ని కలిపినా కావాల్సింది దొరుకుతుందా? దొరకదు. అక్కడో చిక్కుంది.

చిన్న కేంద్రకాల్లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు సరిసమానం. కాల్షియం-40లో ఇరవై, ఇరవై. బరువు పెరిగేకొద్దీ న్యూట్రాన్ల వాటా ఎక్కువుండాలి. సీసం-208లో ప్రోటాన్లు 82, న్యూట్రాన్లు 126. అందుకని రెండు చిన్నవాటిని కలిపితే వచ్చే పెద్దదానికి న్యూట్రాన్లు చాలవు. రెండు కాల్షియం-40లు కలిస్తే జిర్కోనియం-80. మామూలు జిర్కోనియం-90తో పోలిస్తే పది న్యూట్రాన్లు తక్కువ. రెండు పేదిళ్లు వియ్యమందితే ఆస్తి ఎక్కడి నుంచి వస్తుంది! న్యూట్రాన్లు దండిగా ఉన్న కేంద్రకాల ఆకారం చూడాలంటే ఢీకొట్టే కేంద్రకమే న్యూట్రాన్ల షావుకారై ఉండాలి. అలాంటివి ప్రకృతిలో నిలవవు. రేడియోధార్మికాలు. పుట్టిన కాసేపటికే మరోటిగా మారిపోతాయి.

అయినా పట్టుకున్నారు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో యురేనియాన్ని పగలగొట్టి, ఆ ముక్కల్లోంచి తగరం-132ని ఏరి, పుంజంగా మలిచి, నికెల్-64 మీదికి వదిలారు. సగటు తగరానికి లేనన్ని న్యూట్రాన్లు దానికి... 82. దాని అర్ధాయువు 40 సెకన్లు. ఆలోగా పుట్టించాలి, వేరుచేయాలి, పరిగెత్తించాలి, గుద్దించాలి! 2003లో వెలువడిన ఫలితం ప్రకారం, అనుకున్నదాని కన్నా తక్కువ శక్తి దగ్గరే అవి బాగా కలిసిపోయాయి. మన అభ్రకంలో గాయం చేసిపోయిన యురేనియం ముక్కలు కూడా ఈ జాతివే. రాయిలో వందల కోట్ల ఏళ్లలో అప్పుడొకటీ అప్పుడొకటీగా జరిగిన పగులుని యంత్రంలో వరసగా జరిపించి, ఆ ముక్కలతోనే కొత్త ఆకారాల తలుపు తట్టారన్నమాట.

ఓక్‌రిడ్జ్‌లోని ఆ కేంద్రం 2012లో మూతపడింది. 2022లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అరుదైన ఐసోటోపుల పుంజాల కోసం భారీ యంత్రం మొదలైంది. ఐరోపాలోని సెర్న్‌లో ఐసోల్డే 1967 నుంచీ ఈ పనిలోనే ఉంది. అక్కడే లివర్‌పూల్ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో రేడియం-224 పుంజాన్ని పరీక్షించి, 2013లో ఫలితం వెలువరించారు. కలపకుండా, పక్క నుంచి రాసుకుపోనిచ్చి చూస్తే అది బేరికాయలా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అని తేలింది. మనదగ్గర ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లోని యాక్సిలరేటర్ల దగ్గరికి ‘ఇంగా’ అనే గామా డిటెక్టర్ల సమూహాన్ని వంతులవారీగా తరలించి, కేంద్రకాల్ని కలిపి తిప్పి చూస్తున్నారు.

ఇదంతా ఎందుకంటారా? బంగారం, యురేనియం లాంటి బరువైన మూలకాలు నక్షత్రాల విస్ఫోటాల్లో, ఢీకొట్లలో పుట్టింది న్యూట్రాన్లు దండిగా ఉన్న ఇలాంటి అల్పాయుష్కుల దారినే. ఆ దారి తెలిస్తే మన ఒంటిమీది నగ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. శంకర గనిలోని నల్లరాయి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా!

చెదిరిపోతున్న పేజీలు

మళ్లీ సైదాపురం రోడ్డు మీదికి వద్దాం. రేడియో గొట్టాలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. అభ్రకానికి బదులు వేరే పదార్థాలు దొరికాయి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో చెదిరిపోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. షెడ్లలో రేకులు విప్పిన చేతులు వేరే పనులు వెతుక్కున్నాయి. దుమ్ము మధ్య బతికిన గని కార్మికుల ఊపిరితిత్తుల బాధల్ని మాత్రం ఏ ఎగుమతి లెక్కల్లోనూ రాయలేదు.

2015లో కేంద్రం అభ్రకాన్ని చిన్నతరహా ఖనిజాల జాబితాలోకి మార్చింది. ఒకప్పుడు విసిరిపారేసిన పలుగురాయికి ఇప్పుడు గిరాకీ. పాత గనుల దగ్గర దానికోసం తవ్వకాలు, అక్రమాలంటూ ఆరోపణలు, కేసులు ఇటీవలి ఏళ్లలో వార్తలకెక్కాయి. చిల్లర అభ్రకం పొడిగా మారి రంగుల్లోకి, మెరుపు సామగ్రిలోకి పోతోంది. అందులో తప్పేం లేదు, నాలుగు చేతులకి పని దొరుకుతుంది. కాకపోతే ఏ గనిలో ఏ లోతున దొరికిందో రాసిపెట్టకుండా నలిగిపోయిన ప్రతి గడ్డా చదవకుండా చించేసిన పుస్తకమే. ఏ రాతిలో దొరికిందో తెలిస్తేనే అందులోని గీతలకి అర్థం. కుప్పలోంచి తీసిన ముక్క వయసు చెప్పినా, ఎక్కడిదో చెప్పలేదు.

గూడూరు, నెల్లూరు కాలేజీల్లో భూగర్భ, భౌతిక శాస్త్రాలు చదివే పిల్లలకి ఇంతకన్నా దగ్గర్లో ఇంత మంచి ప్రయోగశాల ఏముంటుంది? గని పేరు, లోతు, తేదీ రాసిన చీటీతో పది నమూనాలు అద్దాల బీరువాలో పెట్టినా చాలు. పక్కనే సమర్‌స్కైట్ బొమ్మ, సమేరియం ఆకారాల పటం. దక్షిణాన శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మేడెక్కి చూసే పిల్లలున్న ఊరిది. ఆకాశం వైపు చూసినంత ఇష్టంగా కాళ్ల కింది రాయినీ చూస్తారు, చూపించేవాళ్లుంటే.

ఈసారి తిరుపతి వెళుతూ గూడూరులో ఆగితే, పడమటి దారిలో ఓ గంట తిరిగి రండి. రోడ్డు పక్క మెరిసే ముక్కని పిల్లల చేతిలో పెట్టండి. భయమేం లేదు, అభ్రకం ముక్క పట్టుకుంటే ఏమీ కాదు. పాత గని గోతుల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వొద్దు. నీళ్లు నిండి లోతు తెలియకుండా ఉంటాయి, అంచులు జారతాయి. పొరలు విప్పడం నేర్పి, ఎండకి ఎదురుగా పట్టి చూడమనండి. ఎక్కడైనా చిన్న మచ్చ కనిపిస్తే పారేయొద్దని చెప్పండి. షెడ్డులో దాన్ని పనికిరాదని పక్కన పెట్టేవారు. ఆ పేజీలో ఏముందో చదివే చదువు ఒకటుందని మన పిల్లలకి తెలియాలి కదా!